ఎఫ్-150 వెనక ఎం105ఏ2 మిలటరీ ట్రైలర్: ఏడాది లాగాక నా మాట

ముందు ధర చెప్పేస్తాను, ఎందుకంటే అందరి కళ్లూ అక్కడే ఆగుతాయి. వేలంలో 875 డాలర్లు. ఫీజులు, ట్యాక్సు కలిపితే వెయ్యి దాటింది. అంత ఇనుము, అంతెత్తు టైర్లు, పైన టార్పాలిన్ కట్టుకునే కమానులతో సహా వెయ్యి డాలర్లకి వస్తుంటే ఎవరికైనా చెయ్యి ఆగదు. ఏడాది వాడాక లెక్క వేసుకుంటే నాకు మూడు వేల నాలుగొందలు అయింది. ఆ తేడా ఎక్కడికి పోయిందో, ఆ డబ్బు కంటే ముఖ్యంగా ఎక్కడ ప్రాణం మీదికి వచ్చిందో చెప్పాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. మా డాలస్ చుట్టుపక్కల ఐదెకరాలు, పదెకరాలు కొంటున్న తెలుగువాళ్లు ఎక్కువయ్యారు. ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఎవరో ఒకరు "అన్నా, మిలటరీ ట్రైలర్ చవకగా ఉంది, తీసుకోమంటావా" అని అడుగుతూనే ఉన్నారు.

నేను ఉండేది ఫ్రిస్కోలో. ఫార్మర్స్‌విల్ దగ్గర బావా నేనూ కలిసి ఎనిమిదెకరాలు కొన్నాం. గోంగూర, బీర, సొర పాదులు, ఒక మూలన మేకలు. గడ్డి మోపులు, కంపోస్టు, కంచె గుంజలు మోయడానికి ఏదో ఒకటి కావాలి. నా దగ్గర ఉన్నది ఫోర్డ్ ఎఫ్-150 పికప్.

ఎం105ఏ2 అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం. అమెరికా సైన్యంలో ఎం35 అని రెండున్నర టన్నుల ట్రక్కు ఉండేది, 1950 ప్రాంతంలో వచ్చింది, ఇక్కడి పెద్దవాళ్లు దాన్ని ముద్దుగా డ్యూస్ అండ్ ఎ హాఫ్ అంటారు. దాని వెనక కట్టడానికి చేసిన ఒకటిన్నర టన్నుల ట్రైలర్ ఇది. తొంభైల్లో కొత్త తరం ట్రక్కులు వచ్చాక (అవి మన టెక్సస్‌లోనే, సీలీలో తయారయ్యాయి) పాతవన్నీ మెల్లగా వేలాలకి వచ్చాయి. ఉత్త ట్రైలరే 2,650 పౌండ్లు, అంటే పన్నెండు వందల కిలోలు. తొట్టి లోపల 110 అంగుళాల పొడవు, 74 అంగుళాల వెడల్పు. చక్రాలు 9.00-20, పక్కన నిలబడితే నా నడుము దాటి ఉంటాయి. ఎం35 ట్రక్కు ఖాళీగానే సుమారు 13,000 పౌండ్లు ఉంటుంది. దానికి ఈ ట్రైలర్ ఒక లెక్క కాదు. నా పికప్ అందులో సగం కూడా లేదు. కొనే ముందు నేను చూడాల్సింది ఈ ఒక్క అంకె. చూడలేదు.

తెచ్చుకోవడం దగ్గర మొదలుపెడతాను. కిలీన్ దగ్గర యార్డులో డెలివరీ. ట్రైలర్ ముందు బాల్ మీద కూర్చునే కప్లర్ ఉండదు, లావుపాటి ఇనప రింగు ఉంటుంది. దానికి పింటిల్ హుక్కు కావాలి, అంటే ఆ రింగుని దవడలా పట్టుకుని మూసుకునే కొక్కెం. మన రిసీవర్‌లో (బండి వెనక హిచ్ దూర్చే చదరపు గొట్టంలో) పెట్టుకునే పింటిల్ మౌంటు దొరుకుతుంది, ఎత్తు మార్చుకోవడానికి రంధ్రాలున్నదే కొనండి, ఎందుకంటే ఆ రింగు పెద్ద ట్రక్కు ఎత్తుకి చేసింది, మన రిసీవర్ కంటే బాగా పైన ఉంటుంది. నేను పై రంధ్రంలో బిగించినా ట్రైలర్ ముక్కు కొంచెం కిందికి వాలే ఉంది. లైట్లు 24 వోల్టులవి, ప్లగ్గు పన్నెండు పిన్నులది, మన బండికి ఏదీ కలవదు. అయస్కాంతంతో అతుక్కునే ఎల్‌ఈడీ లైట్ల సెట్టు అరవై డాలర్లు పెట్టి ముందే తీసుకెళ్లాను, అది మంచి పని చేశాను. బ్రేకుల గురించి యార్డు అతను ఒక్క మాట అన్నాడు, "గాలి ట్యాంకు ఖాళీ చేసే ఉంది, చక్రాలు ఫ్రీగా తిరుగుతాయి" అని. ఆ మాటకి అర్థం బ్రేకులు లేవని. నాకు అప్పుడు అది శుభవార్తలా వినిపించింది.

టెంపుల్ దాకా ముప్పై మైళ్లు బాగానే వచ్చాం, యాభై ఐదు దాటనివ్వలేదు. పెట్రోల్ బంకులో ఆపి, కొత్తగా తెచ్చిన ట్రైలర్ కదా, చక్రాల నట్లు ఒకసారి బిగిద్దామని పెద్ద స్పానర్‌కి పైపు తొడిగి మొదలుపెట్టాను. కుడివైపు ఆరు నట్లూ గట్టిగానే ఉన్నాయి. ఎడమవైపుకి వచ్చి మొదటి నట్టు అదే దిక్కుకి తిప్పితే కొంచెం కదిలింది. వదులుగా ఉన్నట్టుందే అనుకుని ఇంకా బలంగా తిప్పాను, మళ్లీ కదిలింది. రెండోది కూడా అంతే. పక్కన డీజిల్ పట్టుకుంటున్న పెద్దాయన ఒకాయన, డెబ్బై దాటి ఉంటాయి, పంపు వదిలేసి గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. వంగి స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) చివర వేలితో తుడిచి చూపించాడు. మట్టి కింద ఇంగ్లీషు ఎల్ అక్షరం చెక్కి ఉంది. ఈ రకం చక్రాలకి ఎడమవైపు నట్లు తిరగమర ఉంటాయట, బిగించడానికి ఎడమకి తిప్పాలి, ఊడదీయడానికి కుడికి. నేను బిగిస్తున్నాననుకుంటూ విప్పుతున్నాను. ఆయన ఆర్మీలో ఈ బండ్లే నడిపాడట. ఇద్దరం కలిసి ఆరూ మళ్లీ ఎడమకి బిగించాం, ఆయన ప్రతి నట్టు దగ్గరా పైపు మీద కాలుపెట్టి ఒకసారి నొక్కాడు. థ్యాంక్స్ చెప్పడానికి నాకు మాట సరిగా రాలేదు. ఆయన రాకపోతే అలాగే మిగతా నాలుగూ "బిగించి" హైవే ఎక్కేవాణ్ని. పక్క సీట్లో నాన్న ఉన్నాడు.

ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరు కొన్నా గుర్తుపెట్టుకోండి. ఎల్ ఉందా చూడండి, మట్టి తుడిచి చూడండి.

మోత గురించి కూడా చెప్పాలి. పింటిల్ హుక్కుకీ రింగుకీ మధ్య ఖాళీ ఉంటుంది, మామూలు బాల్ లాగా ఒరుసుకుని కూర్చోదు. ఆగినప్పుడల్లా, కదిలినప్పుడల్లా వెనక నుంచి ఖణేల్ ఖణేల్ మని కొడుతూనే ఉంటుంది. నాన్న మొదటి గంటంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

ఇక బ్రేకుల కథ. ఈ ట్రైలర్ బ్రేకులు గాలితో మొదలై నూనెతో పూర్తవుతాయి. ట్రక్కు నుంచి రెండు గొట్టాల్లో గాలి వస్తుంది, ఆ గాలి ఒక సిలిండర్‌ని తోస్తే అది బ్రేక్ ఆయిల్‌ని చక్రాల్లోకి తోస్తుంది. మన పికప్‌లో గాలి కంప్రెసర్ లేదు. అంటే డ్రమ్ములు, షూలు అన్నీ దిట్టంగా ఉన్నా, పనిచేయించేవాడు లేడు. పొలం చుట్టుపక్కలే కదా తిరిగేది, పది పదిహేను మైళ్లే కదా, నిదానంగా వెళ్దాంలే అనుకున్నాను.

రెండో వారం కంపోస్టు తేవడానికి వెళ్లాను. రెండు క్యూబిక్ గజాలు పొయ్యమన్నాను. లోడర్ వాడు పోస్తే తొట్టిలో అడుగు ఎత్తు కూడా రాలేదు. చూడ్డానికి ఖాళీగానే ఉంది, ఇంకో గజం పొయ్యమందామా అనిపించింది కూడా. ముందురోజు వాన పడింది, కంపోస్టు తడిసి నల్లగా ముద్దలా ఉంది. యూఎస్ 380 హైవే మీద ప్రిన్స్‌టన్‌లో సిగ్నల్ పసుపు పడింది, నలభై మీద ఉన్నాను, మామూలుగా ఆగే దూరంలోనే బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు. తొక్కుతున్నాను, కాలి కింద ఏబీఎస్ గరగర తెలుస్తోంది, వెనక నుంచి ఎవరో రెండు చేతులూ పెట్టి తోస్తున్నట్టు బండి ముందుకి పోతూనే ఉంది. గీత దాటి, నడిచే దారి దాటి, కూడలి లోపలికి సగం బండి వెళ్లాక ఆగింది. అడ్డంగా రావాల్సిన బండ్లు అప్పటికి ఇంకా కదల్లేదు కాబట్టి సరిపోయింది. చేతులు వణికాయి. రోడ్డు పక్కకి తీసి ఆపి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

తర్వాత ట్రక్ స్టాపులో కాటా మీద పెట్టి చూస్తే ట్రైలరూ సరుకూ కలిపి 4,900 పౌండ్లు. టెక్సస్ చట్టం ప్రకారం మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు ఉండాల్సిందే (గంటకి ముప్పై మైళ్లు దాటకుండా లాగితే 15,000 పౌండ్ల వరకు మినహాయింపు ఉంది, 380 మీద ముప్పైతో పోవడం ఎవరి వల్లా కాదు). అంటే బ్రేకులు లేకుండా దీంట్లో నేను వేసుకోగలిగింది 1,850 పౌండ్లే. చట్టం సంగతి అటుంచండి, ఫోర్డ్ మాన్యువల్ తీసి చూస్తే సరుకుతో కలిపి 1,500 పౌండ్లు దాటిన ఏ ట్రైలర్‌కైనా విడిగా పనిచేసే బ్రేకులు ఉండాలని రాసుంది. అంటే ఉత్త ట్రైలర్ లాగడమే తప్పు! ఇంకొకటి, నా పికప్ వెనక రిసీవర్ మీద స్టిక్కర్ ఉంది, బరువు పంచే హిచ్ (ట్రైలర్ ముక్కు బరువుని ముందు చక్రాల మీదికి కూడా పంచేది) లేకుండా అయితే 5,000 పౌండ్ల వరకే అని. పింటిల్ రింగుకి ఆ బరువు పంచే హిచ్ పెట్టడానికి లేదు. కాబట్టి ఈ పికప్ ఇంత లాగుతుందని ప్రకటనల్లో చెప్పే పదివేలు, పదమూడు వేల పౌండ్లు అనే అంకెలు ఇక్కడ పనికిరావు. బ్రేకులు బాగుచేసుకున్నా సరే, దీని తొట్టిలో నేను వేయగలిగే సరుకు 2,350 పౌండ్లు. ఒకటిన్నర టన్నుల ట్రైలర్ కొని టన్ను పైన కొంచెం మోస్తున్నాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెబితే నాన్న కోప్పడలేదు. "పల్లంలో నిండు బండి ఎద్దుల మీదికి వచ్చినట్టు వచ్చిందన్నమాట. బ్రేకు వేయించేదాకా దాన్ని రోడ్డెక్కించకు" అన్నాడు. ఎక్కించలేదు, రెండు నెలలు పొలంలోనే ఉంచాను.

బ్రేకులకి రెండు దారులున్నాయి. ఒకటి, బండిలో చిన్న కంప్రెసరు, గాలి ట్యాంకు, కంట్రోల్ వాల్వు పెట్టుకుని పాత పద్ధతినే నడిపించడం. రెండోది, గాలి భాగం మొత్తం తీసేసి దాని చోట కరెంటుతో ఆయిల్‌ని తోసే పంపు, అంటే ఎలక్ట్రిక్ ఓవర్ హైడ్రాలిక్ యూనిట్ పెట్టడం. నేను రెండోది చేయించాను, ఎందుకంటే నా పికప్‌లో బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకుల్ని బండిలోంచి నడిపించేది) కంపెనీ నుంచే వచ్చింది, దాంట్లో ఈ రకానికి సెట్టింగ్ ఉంది. డ్రమ్ము బ్రేకులు కాబట్టి వెయ్యి పీఎస్‌ఐ (ఆయిల్ ఒత్తిడి కొలత) యూనిట్ తీసుకోవాలి, పదహారు వందలది డిస్కులకి. యూనిట్ 780 డాలర్లు. జాగ్రత్త పడాల్సింది ఆయిల్ దగ్గర. సైన్యం వాడింది డాట్ 5, సిలికాన్ రకం, ఊదారంగులో ఉంటుంది. మనం బయట కొనేది డాట్ 3. రెండూ కలవకూడదు. విప్పినప్పుడు గొట్టంలోంచి ఊదారంగు చుక్కలు పడితే అదే. మొత్తం ఖాళీ చేసి, లైన్లు కడిగి, చక్రాల్లో సిలిండర్లు, రబ్బరు గొట్టాలు కొత్తవి వేయించాను. ట్రైలర్ తెగిపోతే దానంతట అది బ్రేకు పడే స్విచ్చి, దానికో బ్యాటరీ కూడా పెట్టించాను. అన్నీ అయ్యాక ఖాళీ రోడ్డు మీద రెండు వేల పౌండ్లు వేసి నలభై నుంచి తొక్కి చూశాను, బండీ ట్రైలరూ ఒక్కసారే కూర్చున్నట్టు ఆగాయి. ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది.

టైర్లు ఇంకో ఖర్చు. సైజు మామూలు షాపుల్లో ఉండదు, అది ఒక ఎత్తు. రిమ్ము ముక్కలుగా ఉంటుంది, టైరుని పట్టి ఉంచేది ఒక ఉక్కు రింగు. గాలి నింపేటప్పుడు ఆ రింగు సరిగా కూర్చోకపోతే ఎగిరి మనిషిని చంపేస్తుంది. అందుకే ఇనప బోనులో పెట్టి గాలి కొట్టాలని ఇక్కడ నిబంధన ఉంది. నేను వెళ్లిన మూడు షాపులూ మేం చెయ్యం అనేశాయి. వాళ్లది తప్పు కాదు. ఇంట్లో మీరు మాత్రం ఎప్పుడూ ప్రయత్నించకండి.

పెయింటు గురించి ఒక్క మాట. ఆ ఆకుపచ్చ రంగు మామూలుది కాదు, రసాయన ఆయుధాలకి తట్టుకునేలా వేసిన పూత. గ్రైండర్ పెట్టినా, వెల్డింగ్ చేసినా వచ్చే పొగా దుమ్మూ ఊపిరితిత్తులకి మంచివి కావు. మా బావ గీరుదామని మొదలుపెడితే ఆపేశాను. సరైన మాస్కు ఉన్నవాళ్ల చేత చేయించండి, లేదంటే అలాగే ఉంచేయండి, అందమేం తగ్గదు.

కాగితాలు. టెక్సస్‌లో మొత్తం బరువు నాలుగు వేల పౌండ్లు దాటిన ట్రైలర్‌కి టైటిల్ (యాజమాన్య పత్రం) కావాలి. ప్రభుత్వ మిగులు సరుకుకి ఎస్‌ఎఫ్-97 అనే కాగితం ఇస్తారు, దాన్ని పట్టుకుని 130-యు అనే టైటిల్ దరఖాస్తు ఫారం నింపి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లాలి. అమ్మినవాళ్లు రెండు మూడు వారాల్లో వస్తుందన్నారు, నాలుగు నెలలు పట్టింది, ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు కాదు. వేలంలో పాడే ముందే ఆ కాగితం వస్తుందా, ఎప్పుడు వస్తుంది, రోడ్డు మీదికి పనికొస్తుందా, పొలంలో వాడకానికి మాత్రమేనా అని రాతపూర్వకంగా అడగండి. ఇంకోటి, ఇంటి ముందు పెట్టుకుందామంటే కుదరదు. మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్లవాళ్ల సంఘం) మూడో రోజే ఉత్తరం పంపింది. పొలం లేనివాళ్లు దీన్ని కొనే ఆలోచనే చేయొద్దు.

ఇంత చెప్పాక, ట్రైలర్ బాగోలేదా అంటే, చాలా బాగుంది. అబద్ధం చెప్పను. ఫార్మర్స్‌విల్ నేల అంతా నల్లమట్టి, ఇక్కడ బ్లాక్‌ల్యాండ్ అంటారు, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు, తడిస్తే కాలు పెట్టనివ్వదు. నాన్న మొదటిసారి దిగినప్పుడు ఒక బెడ్డ తీసి వేళ్ల మధ్య నలిపి, "మన నల్లరేగడే కదరా ఇది" అన్నాడు. మాది నరసరావుపేట పక్క ఊరు, ఆ నేల ఆయనకి చెప్పక్కర్లేదు. అలాంటి బురదలో పక్క పొలం వాళ్ల చిన్న చక్రాల యుటిలిటీ ట్రైలర్ ఇరుసు దాకా దిగబడి ట్రాక్టర్ పెట్టి లాగాల్సి వచ్చింది. ఇది ఆ ఎత్తు చక్రాల మీద తాపీగా వచ్చేసింది. తొట్టిలో గుంజలు విసిరేసినా, కంకర పోసినా సొట్ట పడదు. వెనక తలుపు గొలుసులు, కొక్కేలు ఇన్నేళ్లకి కూడా కొత్తవాటిలా పనిచేస్తున్నాయి. నాన్న చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఒకాయనకి మిలటరీ డిస్పోజల్ జీపు ఉండేదట, ఊరంతా దాన్ని తాకి చూసేవాళ్లట. ఆయన ఈ ట్రైలర్ పక్కన ఫోటో దిగి నరసరావుపేట మొత్తానికి పంపాడు.

అందుకే నేనిచ్చేది ఐదుకి మూడు. ట్రైలర్‌కి ఐదూ ఇవ్వొచ్చు, నా బండికి ఇది సరైన జోడీ కాదు, ఆ రెండూ అందుకే తగ్గించాను. ముప్పావు టన్ను, టన్ను పికప్ (ఎఫ్-250, ఎఫ్-350 తరహా పెద్దవి) ఉన్నవాళ్లు, బ్రేకులు మార్పించే ఓపికా డబ్బూ ఉన్నవాళ్లు తీసుకోవచ్చు. ఎఫ్-150, టండ్రా లాంటివి ఉన్నవాళ్లు హమ్వీ (సైన్యం వెడల్పాటి జీపు లాంటి బండి) వెనక కట్టే ఎం1101 లేదా ఎం1102 ట్రైలర్ కోసం ఆగండి. అల్యూమినియంవి, తేలిక, ఎం1102 సరుకుతో కలిపి 4,200 పౌండ్లే. అన్నిటికంటే ముఖ్యం, వాటికి సర్జ్ బ్రేకులు ఉంటాయి, ముందు బండి ఆగితే ట్రైలర్ ముందుకి తోసుకొచ్చే ఆ బరువుతోనే బ్రేకు పడుతుంది, గాలీ కరెంటూ ఏమీ అక్కర్లేదు. వెడల్పు 86 అంగుళాలు కాబట్టి అద్దాల్లో చూసుకోవాలి, లైట్లు అవీ 24 వోల్టులే, టైర్లు పదహారున్నర అంగుళాల రిమ్ముకి కాబట్టి వెతుక్కోవాలి. ధర కూడా ఎక్కువ పలుకుతుంది. అయినా ఎక్కువ పెట్టండి. ఫోర్‌రన్నర్, జీపు లాంటివి ఉంటే పావు టన్ను ఎం416 చాలు, చిన్నది, ముద్దుగా ఉంటుంది. ఇవేవీ వద్దు, పని జరిగితే చాలు అనుకుంటే నాకైన మూడు వేల నాలుగొందలకి ఇంకొంచెం కలిపితే రెండు ఇరుసుల కొత్త యుటిలిటీ ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకులతో వస్తుంది, ఆ రోజే టైటిల్ చేతిలో పెడతారు.

నేను అమ్మట్లేదు. పెట్టిన ఖర్చు పెట్టేశాను, బ్రేకులు బాగున్నాయి, బురదకి దీన్ని మించింది నాకు దొరకదు. కాటా మీద పెట్టకుండా రోడ్డెక్కించడం మానేశాను. ఇక మిగిలింది టైర్లే, ఎడమదాని పక్క గోడలో బీటలు కనిపిస్తున్నాయి. గ్రీన్‌విల్ వైపు లారీ టైర్ల షాపు ఒకటి దొరికింది. రింగు రిమ్ము అని ముందే చెప్పి, బోను ఉందా అని అడిగాను. ఉందన్నారు. వచ్చే శనివారం తీసుకెళ్తున్నాను, ఖాళీగా.